లోపలి పని

పాత కుర్చీ విప్పడమంటే
కథను చివర్నుంచి చదవడం.
ఆఖరున కొట్టిన మేకే మొదట ఊడుతుంది.

ఘెంట్ నగరంలో, లేయె నది పక్క సందులో,
మూడు మెట్లు దిగితే నా కొట్టు.
పొద్దున ఒక చేతుల కుర్చీని బల్ల మీద బోర్లా పడుకోబెట్టాను.
అమ్మమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ
ఎవరో అమ్మాయి తోపుడు బండి మీద తెచ్చింది.
"పారేయమంటే పారేస్తా, ముందు మీరొకసారి చూడండి" అంది.

చూస్తున్నాను.
పైన పచ్చ ముఖమల్, సిగరెట్ కాలిన మచ్చలు రెండు.
దాని కింద వెలిసిపోయిన పూలగుడ్డ.
దాని కింద, ముట్టుకుంటే పొడవుతున్న
ఎర్రచారల పట్టు.

మా పనికి ఒకప్పుడు ఒక శ్రేణి ఉండేది.
మా గురువు లీవెన్ ఆ చరిత్రంతా
నోట్లో మేకులు పెట్టుకునే చెప్పేవాడు.
ఒక్కో మేకును నాలుక చివరికి తెచ్చి
సుత్తి అయస్కాంతానికి అందిస్తూ.
అందుకే నాకది దెబ్బలతో సహా గుర్తు.

మూడు తాళాల పెట్టె. ఠక్.
మూడు తాళంచెవులు, ముగ్గురు పెద్దల నడుములకు. ఠక్.
గుర్రపు వెంట్రుకలని చెప్పి మేక బొచ్చు కూరినవాడి పరుపును
శుక్రవారం సంతలో నిలువునా కోసి తగలబెట్టేవారు.
ఆ కమురు మూడు వీధుల అవతలికి వాడి పేరు మోసుకెళ్లేది.
జరిమానాలో సగం చర్చి కొవ్వొత్తులకు,
సగం బీరుకు. ఠక్.
ప్రమాణం ఒక్కటే వాక్యం:
కూర్చునేవాడికి కనిపించనిదాన్ని
దేవుడు కూర్చుంటున్నట్టు కూరుతాను.

ఆడవాళ్ల పేర్లు ఆ పుస్తకంలో లేవు.
వెంట్రుకలను పురిపెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పురివిప్పి
వాటికి ఆ వంకీలు నేర్పింది వాళ్లే.
గొడెలీవ అనే ఒక్కావిడ పేరు మాత్రం ఉందట,
ఫలానావాడి విధవ అన్న మాట వెనక,
ఆవగింజంత అక్షరాల్లో.

తర్వాత ఫ్రెంచి సైన్యం వచ్చింది.
శ్రేణులన్నీ రద్దు అని గోడకొక కాగితం అంటించింది.
పెట్టెను వేలంలో ఒక రొట్టెలవాడు కొన్నాడు, పిండి దాచుకోవడానికి.
తాళంచెవులు మాత్రం దొరకలేదు.
ముగ్గురూ మొండిఘటాలే.
"మరి ప్రమాణం?" అని అడిగాను.
లీవెన్ నోట్లో మేకులు అయిపోయాయి. ఇంకో గుప్పెడు వేసుకున్నాడు.
"దాన్ని వేలం వెయ్యాలని ఎవరికీ తట్టలేదు."

ఇప్పుడు, గోనెపట్టా కుట్లు తెంపి చెయ్యి లోపల పెడితే
గుర్రపు వెంట్రుక గరుకు తగలాలి.
తగల్లేదు.
ఉన్ని.
అదీ కుర్చీల్లో వేసే ఉన్ని కాదు,
పరుపులోది, ఒళ్లు ఎరిగినది,
బరువులకు అణిగి అణిగి అట్టకట్టినది.
పైన పటారం, లోన లొటారం!
శ్రేణి ఉండి ఉంటే సంతలో మంటే.
తిట్టుకుంటూ చట్రం తుడిచాను. పెన్సిల్ రాత.

*పందొమ్మిది వందల పదిహేడు, అక్టోబరు.
జర్మన్లు ఇంటింటా పరుపులు విప్పి ఉన్ని పట్టుకుపోతున్నారు.
ఇది క్లెమాన్స్ గారి పిల్లలు నలుగురూ పడుకునే పరుపు.
యుద్ధమయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి.
పదకొండో కుర్చీ.
ఎమరెన్షియా, మెత్తలు కుట్టే మనిషి.*

పుస్తకంలో చోటివ్వకపోతేనేం,
కర్ర మీద తన పేరు తనే రాసుకుంది.
పదకొండిళ్ల నిద్రను కుర్చీల్లో పెట్టి కుట్టేసి
పరుపుల్లో గడ్డి కూరింది.
ఆ గడ్డిని చూసి తల అడ్డంగా ఊపిన సిపాయి
బహుశా ఈ కుర్చీలోనే కూర్చుని రశీదు రాసుంటాడు,
మెత్తగా ఉందే అనుకుంటూ.

ఎందుకు తిరిగి ఇవ్వలేదో రాయలేదు.
క్లెమాన్స్ గారు రాలేదో,
ఎమరెన్షియాయే లేదో.

ఆ అమ్మాయికి ఫోను చేశాను.
స్పాంజి వెయ్యాలా అని అడగాల్సింది,
"మీ అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంటి?" అని అడిగాను.
"ఎందుకు?" అంది. తర్వాత, "తెలీదు, కనుక్కుంటా" అంది.

బల్ల మీద ఉన్ని.
గాలి తగిలి, వందేళ్లు దాటాక,
కొంచెం కొంచెంగా
పైకి లేస్తోంది.